నడివయసు కంటిలో దిగిన నీరు

ఈ పుటలలో మసీదుల చరిత్ర, దర్గాల చరిత్ర, పాత పటేళ్ళ పట్వారీల సంగతులు చదువుట మీకు అలవాటు. ఈసారి కంటి శుక్లము చరిత్ర ఎందుకు పెట్టినారు, అది డాక్టర్లు వ్రాయవలసినది గదా అని పెద్దలు అడుగవచ్చును. కారణం ఉన్నది. అందులో తప్పు మాదే గనుక ముందుగా అదే చెప్పుకుంటాము.

పటేల్‌గూడలో సంఘం తరఫున కంటి పరీక్షల శిబిరం పెట్టినప్పుడు కరపత్రం అచ్చు వేయించినది మేమే. "50 ఏండ్లు పైబడిన స్త్రీ పురుషులకు" అని పెద్ద అక్షరాలతో వేయించినాము. శిబిరం దినాన ఒక సోదరుడు వచ్చి వరుసలో నిలబడినాడు. వయస్సు 41. పాశమైలారం వైపు ఒక కార్ఖానాలో లేతు మిషన్ మీద టర్నరు, కాంట్రాక్టు లేబర్. మా వాలంటీరు పిల్లవాడు చీటీ చూచి, "ఇది పెద్దోళ్ళకు భాయ్, మీకు గాదు" అన్నాడు. ఆయన మారుమాట్లాడక పోయినాడు. నాలుగు నెలల తరువాత ఒక సాయంత్రం బీరంగూడ రోడ్డు మీద ఎదురు బండి లైటు కొట్టగా ఏమీ కానరాక, ఆగియున్న ట్రాలీకి స్కూటరు గుద్దుకొని చేయి విరుగగొట్టుకున్నాడు. చేతికి కట్టు కట్టిన ఆసుపత్రిలోనే తెలిసినది, రెండు కండ్లలోనూ శుక్లమున్నదని. ఆయన తల్లి, మా అందరికీ ఖాలా, ఆసుపత్రి వరండాలో మమ్మల్ని చూచి, "మోతియా నాకు రావాలె గాని వానికి వచ్చుడేంది సాబ్?" అన్నది. మేము జవాబు చెప్పలేకపోయినాము. ఈ వ్యాసం ఆ జవాబు వెదుకుటలో పుట్టినది.

మోతియా ముసలివారి రోగమనే మాట మనలో అంత గట్టిగా ఎట్లా నాటుకున్నది? పేరు దగ్గర మొదలుపెడదాము. మన ఇండ్లలో "ఆంఖ్ మే పానీ ఉతర్ గయా" అంటారు, అనగా కంట్లో నీరు దిగినదని. ఇది మన దక్కనీ వారు కల్పించిన మాట కాదు. అరబ్బీ హకీములు ఈ వ్యాధిని 'నుజూలుల్ మా' అన్నారు. నుజూల్ అనగా దిగుట, మా అనగా నీరు. మెదడు నుండి చెడునీరు దిగి కంటిపాప వెనుక గడ్డకట్టునని అప్పటి వారి భావన. 11వ శతాబ్దంలో ఆఫ్రికా నుండి ఇటలీకి పోయిన కాన్‌స్టంటైన్ అనే పండితుడు అరబ్బీ వైద్య గ్రంథాలను లాటిన్‌లోనికి మార్చుతూ ఈ మాటకు 'కేటరాక్టా' అని పెట్టినాడు. అనగా జలపాతము. నేడు ఇంగ్లీషు డాక్టరు చీటీ మీద వ్రాసే కేటరాక్ట్, మన ఖాలా నోట వచ్చే 'పానీ ఉతర్‌నా' ఒకే తల్లి బిడ్డలు. తెలుగువారు తెల్లదనాన్ని చూచి శుక్లము అన్నారు, పొర అన్నారు. నిజానికి అక్కడ నీరూ లేదు, పొరా లేదు. కంటిలోని సహజమైన కటకమే, అద్దం వంటిది, మసకబారుతుంది. ఈ సంగతి ఫ్రాన్సులో బ్రిస్సో అనే వైద్యుడు 1705లో చనిపోయినవాని కన్ను కోసి చూచి రుజువు చేసేదాకా లోకానికి స్థిరపడలేదు.

మన ఫిఖహ్ గ్రంథాలలో ఈ వ్యాధిని గూర్చి ఒక ప్రసిద్ధమైన రివాయత్ గలదు. హజ్రత్ అబ్దుల్లా బిన్ అబ్బాస్ (రజి.) గారి కంటిలో నీరు దిగినది. వైద్యుడు వచ్చి, నేను బాగుచేస్తాను గాని కొన్ని దినములు వెల్లకిల పడుకొనే ఉండవలెను, నమాజు కూడా పడుకొనే చదువవలెను అన్నాడట. ఆయన హజ్రత్ ఆయిషా (రజి.) గారిని, మరికొందరు సహాబీలను అడిగించినారు. ఆ దినములలోనే మరణం వస్తే నమాజు సంగతేమని వారు ప్రశ్నించగా ఆయన వైద్యమే మానుకున్నారు. చివరి కాలంలో ఆయనకు చూపు లేదు. తాయిఫ్‌లో క్రీ.శ. 687 ప్రాంతంలో పరమపదించినారు. తరువాతి ఫుకహాలు దీని మీద చాలా చర్చ చేసినారు. నమ్మదగిన వైద్యుడు చెప్పినచో పడుకొని చదువవచ్చునని ఇమాం అబూ హనీఫా వంటివారు అనుమతించినారు. ఇమాం మాలిక్ వంటివారు ఒప్పుకొనలేదు. వైద్యమా, సజ్దానా అనే ఆ ఇరకాటం ఎంత నిజమైనదో ఆలోచించండి. అప్పటి ఆపరేషను పద్ధతి అటువంటిది. సూదితో కటకాన్ని వెనుకకు పడద్రోయుటే. మన దేశంలో సుశ్రుతుని పేర నున్న గ్రంథంలోనూ ఆ పద్ధతే వర్ణింపబడినది. పడద్రోసినది మరల పైకి లేవకుండా రోగి కదలక పడుకొనవలెను.

ఇక్కడే మాకు మిక్కిలి ఇష్టమైన కథ వస్తుంది. మోసుల్ పట్టణంలో పుట్టిన అమ్మార్ బిన్ అలీ అనే కహ్హాల్, అనగా కంటి వైద్యుడు, 1000వ సంవత్సరం ప్రాంతంలో ఊరూరు తిరిగి వైద్యం చేసి చివరకు ఈజిప్టులో ఫాతిమీ ఖలీఫా అల్ హాకిం కాలంలో స్థిరపడినాడు. ఆయన సన్నని బోలు సూది ఒకటి చేయించినాడు గాని దానిని ఎవరి మీదనూ వాడలేదు. తబరియ్యలో ఒక మనిషి వచ్చి, నీ ఇష్టం వచ్చినట్లు చేయి గాని నేను వెల్లకిల పడుకొనలేను అన్నాడు. ఎందుకు పడుకొనలేడో అమ్మార్ వ్రాయలేదు. నడుము నొప్పో, దమ్మో, మరేమో. ఆ మనిషి కొరకే ఆ సూది మొదటిసారి కంటిలోనికి పోయినది. అమ్మార్ మసకను పడద్రోయలేదు, సూది గుండా పీల్చి తీసినాడు. వెంటనే చూపు వచ్చినదనీ, పడుకొనే అవసరం లేకపోయినదనీ, ఏడు దినములు కట్టు మాత్రం ఉంచినాననీ, ఈ సూదిలో నాకన్న ముందు ఎవరూ లేరనీ తన గ్రంథంలో వ్రాసుకున్నాడు.

పీల్చి తీయుట ముసలి కంటిలో కుదరదు. ముసలి శుక్లం గట్టిపడి గింజ వలె ఉంటుంది. చిన్న వయస్సు శుక్లం మెత్తన, సన్నని గొట్టంలోనికి వస్తుంది. కనుక ఆ బోలు సూదికి లొంగినవి ఎక్కువగా వయస్సు ముదరని కండ్లే అయి ఉండవలెనని మా ఊహ. 'మోతియా ఈ వయస్సులోనా' అని మనం నేడు ఆశ్చర్యపోవుచున్నాము గాని వెయ్యేండ్ల నాటి కహ్హాల్‌కు అది కొత్త కాకపోవచ్చును.

తరువాతి శతాబ్దాలలో మన దేశంలో ఆ విద్య వీధులలో పడ్డది. ఊరూరు తిరిగే సూదివైద్యులు పడద్రోసి, రోగి 'కనబడుతున్నది' అనగానే డబ్బు పుచ్చుకొని, చీము పట్టకముందే ఊరు దాటేవారు. మద్రాసు ప్రభుత్వ కంటి ఆసుపత్రి (1819లో మొదలైనది) పెద్దగా పనిచేసిన ఎలియట్ దొర ఇటువంటి చెడిపోయిన కండ్లను వందల కొద్దీ పరిశీలించి 1918లో ఒక పుస్తకమే వేసినాడు. కంటి ఆపరేషను అనగానే మన ముసలమ్మలు దడుచుకొనుట ఊరికే వచ్చినది కాదు.

కటకాన్ని పడద్రోయక కోసి బయటకు తీయుట ఫ్రాన్సు వైద్యుడు దవియెల్ 1747లో మొదలుపెట్టినాడు. మత్తుచుక్కలు 1884లో వచ్చినవి. మన హైదరాబాదులో నిజాం ప్రభుత్వం 1846లో వైద్య పాఠశాల పెట్టి మొదట ఉర్దూలోనే చదువు చెప్పించినది. అది మనవారు గర్వించదగిన సంగతి, అయితే ఇక్కడ విస్తరించము.

తెలుగునాట శుక్లపు ఆపరేషను సామాన్యుని వాకిటికి వచ్చినది డాక్టర్ పి. శివారెడ్డి గారి కాలంలో. కర్నూలు జిల్లాలో 1920లో పుట్టి, హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రికి పెద్దగా ఉండి, పల్లెపల్లెకు శిబిరాలు తీసుకపోయిన మనిషి. 1971లో పద్మశ్రీ, 1977లో పద్మభూషణ్ వచ్చినవి. 1976లో కేంద్ర ప్రభుత్వం అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినది. ఆ శిబిరాలు చూచినవారు మనలో ఇంకా ఉన్నారు. బడి గదిలో బెంచీలు కలిపి మంచాలు, కంటిమీద పచ్చగుడ్డ, తల కదలకుండా ఇరుప్రక్కల ఇసుక సంచులు, ఇంటినుండి వచ్చే జావ. పది దినముల తరువాత కట్టు విప్పి సోడాబుడ్డి అద్దాలు పెట్టేవారు.

ఆ సోడాబుడ్డి అద్దాల దగ్గర కొంచెం ఆగుదాము. మన అపోహకు మూలం అక్కడే ఉన్నదని మాకు తోచుచున్నది.

కటకము తీసివేసిన కంటికి దాని పని చేయుటకు బయట లావు అద్దం కావలెను. దాని గుండా అన్నీ పెద్దగా, దగ్గరగా కనబడతాయి, సుమారు నాలుగో వంతు పెద్దగా. రెండు కండ్లకూ ఆపరేషనైతే ఏదో అలవాటు పడవచ్చును. ఒక కన్ను మంచిగా ఉండి ఒక దానికే అయితే? మంచి కంటికి మనిషి ఒక సైజు, ఆపరేషన్ కంటికి ఇంకొక సైజు. రెండు బొమ్మలూ కలువవు, తల తిరుగును. మెట్లు దిగబోయినవాడు పడిపోవును. అందుచేత ఒక్క కంట శుక్లం వచ్చిన వయస్సులోని మనిషికి డాక్టర్లు, రెండవది కూడా రానీ, పండనీ అని చెప్పేవారు. చెప్పుటలో తప్పు లేదు. అప్పటి పద్ధతిలో మసక బాగా ముదిరితే గాని ఆపరేషను లాభం కంటె నష్టమే ఎక్కువ. ముప్పై అయిదేండ్ల మేస్త్రీ, దర్జీ, డ్రైవరు ఆ సోడాబుడ్డి పెట్టుకొని పనికి పోగలడా? పోలేడు. కనుక అతడు వరుసలో కనబడలేదు. వరుసలో కనబడినవారు పని మానుకున్న ముసలివారే. చూచినవారంతా శుక్లం ముసలివారిదే అనుకున్నారు. "పండాలె" అనే మాట అప్పుడు ఇండ్లలో నాటుకొని, కారణం పోయిన తరువాత కూడా మిగిలిపోయినది.

ఆ కారణాన్ని తీసివేసినవాడు లండన్‌లోని హెరాల్డ్ రిడ్లీ. రెండవ ప్రపంచయుద్ధంలో విమానాల పైకప్పు ప్లాస్టిక్ పగిలి ముక్కలు పైలట్ల కండ్లలో దిగినవి. 1940లో గాయపడిన క్లీవర్ అనే పైలట్‌ను చూచినప్పుడు, ఆ ప్లాస్టిక్ తునకలు కంటిలో ఏండ్ల తరబడి ఉన్నా వాపు, చీము తేవడం లేదని రిడ్లీ గమనించినాడు. తరువాత ఒక వైద్య విద్యార్థి శుక్లపు ఆపరేషను చూస్తూ, తీసినదాని స్థానంలో కొత్తది పెట్టరా అని అడిగినాడట. రిడ్లీ 1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆ ప్లాస్టిక్‌తోనే చేసిన కటకాన్ని మొదటిసారి కంటిలో అమర్చినాడు. రోగి 45 ఏండ్ల స్త్రీ. ముసలమ్మ కాదని గమనించండి. మొదటి అద్దపు పవరు లెక్క తప్పినది, తోటి డాక్టర్లు చాలాకాలం ఆయనను తిట్టిపోసినారు. ఆయన కండ్లలోనే చివరకు అటువంటి కటకాలు పెట్టుకున్నాడు. 2000లో సర్ బిరుదు వచ్చినది, 2001లో మరణించినాడు. 1967లో అమెరికాలో కెల్మన్ శబ్ద తరంగాలతో కటకాన్ని పొడిచేసి పీల్చే యంత్రం తెచ్చినాడు. పీల్చుట మళ్ళీ వచ్చినది, అమ్మార్ తరువాత దాదాపు 950 ఏండ్లకు.

మన దిక్కు ఈ కృత్రిమ కటకం సామాన్యునికి అందినది మాత్రం నిన్న మొన్ననే. మధురలోని అరవింద్ ఆసుపత్రివారు 1992లో సొంత కార్ఖానా పెట్టి చవకగా తయారుచేసినారు. హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ప్రారంభించినారు. 'మిస్సమ్మ' తీసిన ప్రసాద్ గారే స్థలము, ధనము ఇచ్చినారు. ఆ సంస్థవారు 1996 నుండి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు చోట్ల 10,293 మందిని పరీక్షించగా, నూటికి 1.84 మంది అంధులు, అందులో 44 పాళ్ళు శుక్లము వలననే అని తేలినది. 2018 ఆగస్టు 15న మన పాత మెదక్ జిల్లాలోని మల్కాపూర్‌లోనే తెలంగాణ ప్రభుత్వం కంటివెలుగు మొదలుపెట్టి, వయస్సు తేడా లేక పరీక్షలు చేయించినది. సర్కారు వయస్సు గీత చెరిపిన తరువాత మేము కరపత్రంలో 50 అని గీత గీసినాము!

ఇక ఖాలా ప్రశ్న. వానికెందుకు వచ్చినది?

మన చుట్టు రామచంద్రాపురంలో 1960ల నుండి, పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలలో తరువాత తరువాత కార్ఖానాలు వెలసినవి. కనుక పొగ వల్లనే, నీళ్ళ వల్లనే అని వెంటనే అనేవారున్నారు. మన వాతావరణ కాలుష్యానికీ శుక్లానికీ నేరుగా ముడి ఉన్నదని మేము అనలేము. కాని పనికీ శుక్లానికీ ముడి ఉన్న సంగతులు చరిత్రలో గట్టిగా ఉన్నవి. గాజు కొలుముల ముందు ఏండ్ల తరబడి నిలిచే పనివారికి ఎర్రని వేడి వలన శుక్లము వచ్చుట ఇంగ్లండులో 20వ శతాబ్దం మొదటి దశకంలోనే నష్టపరిహారపు జాబితాకెక్కినది. మన 1923 నాటి శ్రామిక నష్టపరిహార చట్టపు మూడవ షెడ్యూలులో కూడా పరారుణ కిరణాల వలన వచ్చే వృత్తి శుక్లము చేర్చబడినది. ఆ చట్టం స్థానంలో ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ ఉన్నది, వృత్తి వ్యాధుల షెడ్యూలు దానిలోనూ ఉన్నది. ఫౌండ్రీలలో, రోలింగ్ మిల్లులలో బట్టీ ముందు పనిచేసే మన పిల్లలకు ఈ సంగతి ఎవరు చెప్పినారు? వెల్డింగ్ మెరుపుకు రాత్రి కండ్లు మండుట వేరు, ఇది వేరు. అది రెండు దినాలలో పోతుంది, ఇది నెమ్మదిగా వచ్చి కూర్చుంటుంది. ఇనుప రజను కంటిలో దిగినా, గట్టి దెబ్బ తగిలినా, పెద్ద కరెంటు షాకు కొట్టినా నెలలకో ఏండ్లకో శుక్లము రావచ్చును.

రసాయనపు కథ ఒకటి ఉన్నది. 1930లలో అమెరికాలో సన్నబడుటకని డైనైట్రోఫినాల్ అనే మందు అమ్మినారు. 1935 నుండి పడుచు స్త్రీలకు శుక్లాలు వచ్చుట మొదలైనది. 1938లో అక్కడ కొత్త మందుల చట్టం వచ్చిన తరువాత గాని అది ఆగలేదు.

మన టర్నరుది కొలిమీ కాదు, రసాయనమూ కాదు. ఆయనకు చిన్ననాటి నుండి దమ్ము ఉన్నది. డ్యూటీ తప్పితే ఆ దినం కూలి పోతుంది గనుక, ఆయాసం వచ్చినప్పుడల్లా మందుల దుకాణంలో అడిగి తెల్లని చిన్న మాత్రలు తెచ్చుకొని మింగేవాడు. గంటలో హాయి. ఇట్లా పదకొండేండ్లు. ఆ మాత్రలు స్టెరాయిడ్లు. కీళ్ళవాతానికి స్టెరాయిడ్లు చాలాకాలం వాడిన రోగులకు కటకపు వెనుక భాగంలో మసక వచ్చుట 1960లోనే అమెరికా వైద్యులు ప్రకటించినారు. అరవై ఏండ్లు దాటినా ఆ వార్త మన గల్లీ దుకాణానికి రాలేదు. షుగరు వ్యాధి ఉన్నవారికి కూడా శుక్లము తొందరగా వస్తుంది, మన ఇండ్లలో షుగరు ఎంత మందికి ఉన్నదో మీకే తెలుసు.

ఈ రకపు శుక్లము ఒక మోసగత్తె. బయటికి కన్ను నల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది. నీడలో బాగానే కనబడును. ఎండలో, ఎదురు లైటులో కంటిపాప చిన్నదై, నడుమనున్న మసకే చూపుకు అడ్డం వస్తుంది. అందుకే "నీ కండ్లు మంచిగనే ఉన్నయి గద" అని అందరూ అన్నారు, ఆయనా నమ్మినాడు. నమ్మనప్పుడు దాచినాడు. మైక్రోమీటరు గీతలు కానరాక రెండు మూడుసార్లు జాబు రిజెక్టయినది, ఠేకేదారు కూలి కోసినాడు. కండ్లు కానరావని తెలిస్తే మరునాడు గేటు లోపలికి రానీయరని భయం. మా శిబిరానికి రహస్యంగా వచ్చినది అందుకే.

చేయి అతికిన తరువాత సంఘం తరఫున మేమే వెంటబోయినాము. ముందు ఛాతీ డాక్టరు మాత్రలను ఒక్కసారి ఆపక మెల్లమెల్లగా తగ్గించి, పీల్చే మందుకు మార్చినాడు. ఒక్కసారి ఆపితే ప్రాణానికే ప్రమాదమట, ఎవరూ ఇది చదివి మాత్రలు పారవేయకండి. తరువాత కంటి డాక్టరు కంటి పోటు కొలిచినాడు, స్టెరాయిడ్ల వలన అది కూడా పెరుగునట. ఆపరేషను బల్ల మీద పడుకొన్నది ఒక్కొక్క కంటికి అరగంట లోపే. ఆ దినమే ఇంటికి. పండాలె అన్న మాట ఆ డాక్టరు నోట రాలేదు. పనికి అడ్డం వచ్చినప్పుడే తీయవలెను అన్నాడు.

ఆయన డాక్టరును అడిగిన మొదటి ప్రశ్న, సజ్దా ఎప్పుడు చేయవచ్చునని. కొద్ది దినాలు కంటికి నీళ్ళు తగలనీయవద్దు, బరువులెత్తవద్దు, వంగుట సంగతి రేపటి పరీక్షలో చెబుతాను అన్నాడు డాక్టరు. వుజూ గూర్చి ఇమాం సాబ్‌ను అడిగితే, నీళ్ళు తగులరాని చోట తడిచేతితో తుడుచుటకు షరీఅత్‌లో వెసులుబాటు ఉన్నదన్నారు. రంజాన్‌లో చుక్కల సంగతి కూడా అడిగినాము. కంటిలో వేసే మందుతో రోజా విరగదని హనఫీ ఫుకహాలు చెప్పినారట. నాలుగు దినాలు కుర్చీ మీద కూర్చొని నమాజు చదివినాడు.

ఇప్పుడు మళ్ళీ అదే లేతు మీద ఉన్నాడు, వేరే షెడ్డులో. దూరంగా గోడమీది గడియారం కనబడుతున్నది. వయస్సులోని కటకం దగ్గరకూ దూరానికీ తనంతట సర్దుకుంటుంది, పెట్టిన కటకం సర్దుకోదు. కనుక మైక్రోమీటరు గీతలకు మాత్రం జేబులో నుండి చదువుకునే అద్దాలు తీస్తాడు. లోపలి పొర తరువాత మసకబారితే, వయస్సు తక్కువవారిలో అది ఎక్కువట, లేజరుతో సరిచేస్తామని ముందే చెప్పినారు. ఖాలాకు కూడా ఈ ఏడు పరీక్ష చేయించినాము. ఆమెకు మోతియా మొదలైనది, తొందర లేదన్నారు. ఈసారి కరపత్రంలో వయస్సు వేయలేదు.